ఎంసెట్ మ్యాథ్స్: ఏది ముందు చేయాలి, ఏది వదలాలి

నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీలో మ్యాథ్స్ లెక్చరర్‌ని. ఇంటర్ పరీక్షలు అయిపోగానే మా పిల్లలు స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడి అడిగేది ఒకటే: "మేడమ్, ఎంసెట్ దగ్గరపడింది, ఏ చాప్టర్లు చదవమంటారు?" చాప్టర్లు రెండేళ్లుగా చదువుతూనే ఉన్నారు. ఈ మిగిలిన రోజుల్లో నేర్చుకోవలసింది ఇంకొకటుంది. మూడు గంటల్లో ఏ ప్రశ్న దగ్గర ఆగాలి, దేన్ని చదివి వదిలేసి ముందుకు పోవాలి అన్నది. సబ్జెక్టు బాగా వచ్చిన పిల్లలు కూడా ఈ అలవాటు లేక ర్యాంకు చేజార్చుకుంటుంటే ప్రాణం ఉసూరుమంటుంది. తరగతిలో చెప్పేదంతా అందుకే ఇక్కడ రాస్తున్నాను. 2024 నుంచి తెలంగాణలో ఈ ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష పేరు టీజీ ఈఏపీసెట్. ఇంట్లో, బస్సులో అందరూ ఎంసెట్ అనే అంటారు కాబట్టి నేనూ అలాగే రాస్తాను.

ముందు పరీక్ష లెక్క

ఇంజినీరింగ్ పేపర్‌లో మొత్తం 160 ప్రశ్నలు. మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. ఒక్కో దానికి ఒక మార్కు. టైమ్ 180 నిమిషాలు. భాగిస్తే ప్రశ్నకు 67 సెకన్ల చిల్లర వస్తుంది. కాలిక్యులేటర్ ఉండదు. తప్పు జవాబుకు మార్కు కోత లేదు. సగం మార్కులు మ్యాథ్స్‌వే. ఇద్దరికి మొత్తం మార్కులు సమానమైతే ఎవరు ముందో తేల్చడానికి మొదట చూసేది కూడా మ్యాథ్స్ మార్కులనే. తెలంగాణలో ఇంటర్ మార్కుల వెయిటేజీ ఎత్తేశారు కాబట్టి ర్యాంకంతా ఆ మూడు గంటల మీదే నిలబడుతుంది. ఆంధ్రలో రాసేవాళ్లకు పరీక్షకు 75 శాతం, ఇంటర్ మార్కులకు 25 శాతం. క్వాలిఫై కావడానికి 160కి 40 చాలు, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఆ పరిమితి కూడా లేదు. అయితే కోరుకున్న కాలేజీలో కోరుకున్న బ్రాంచి రావడానికి అది సరిపోదని మీకూ తెలుసు.

మార్కు కోత లేదన్న మాట అందరికీ తెలుసు. దాన్ని నమ్మి రాసేవాళ్లే తక్కువ. ముఖ్యంగా జేఈఈ మెయిన్ రాసి వచ్చిన పిల్లల విషయంలో నాకు భయం. అక్కడ సరైన జవాబుకు 4 మార్కులు, తప్పయితే ఒకటి పోతుంది. తెలియనిది ముట్టుకోకూడదని నెలల తరబడి చేతిని కట్టేసుకుని వస్తారు. అదే చేత్తో ఇక్కడా ప్రశ్నలు ఖాళీగా వదిలేస్తారు. ఎంసెట్‌లో ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా ఉండకూడదు. ఏమీ తెలియని 20 ప్రశ్నలకు ఏదో ఒక ఆప్షన్ పెట్టినా సగటున 5 మార్కులు రావాలి. వాటిలో రెండేసి ఆప్షన్లు కొట్టేయగలిగితే ఆ సగటు 10 అవుతుంది. ర్యాంకుల మధ్యలో ఒక్క మార్కు దగ్గరే వందల మంది ఉంటారు, ఇక 5 మార్కులంటే ఎంత దూరమో ఆలోచించండి.

అన్నింటికీ ఒకే ఆప్షన్ పెట్టాలా, రకరకాలుగా పెట్టాలా అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. సంభావ్యత ప్రకారం రెండింటికీ సగటు ఒక్కటే. ఒకే ఆప్షన్ పెడితే ఆలోచించే పని తప్పుతుంది, అంతే లాభం. మిగిలిన ప్రశ్నల జవాబులు ఎక్కువగా ఏ ఆప్షన్‌లో పడ్డాయో లెక్కబెడుతూ కూర్చోకండి.

ఏ సబ్జెక్టుతో మొదలుపెట్టాలి

పరీక్ష కంప్యూటర్ మీదే. తెర మీద మ్యాథ్స్ ముందు కనిపిస్తుంది. అందుకని చాలామంది అక్కడే మొదలుపెట్టి, 2 గంటలు దాటినా బయటికి రాలేక, చివర్లో కెమిస్ట్రీని పరుగున చూస్తారు. నేను మా పిల్లలకు చెప్పే వరుస ఇది: కెమిస్ట్రీకి 30 నిమిషాలు, తర్వాత మ్యాథ్స్‌కు 100, ఫిజిక్స్‌కు 35, ఆఖరి 15 నిమిషాలు మిగిలిపోయిన వాటికి. కెమిస్ట్రీలో గుర్తుంటే జవాబు వస్తుంది, లేకపోతే రాదు. కూర్చుని తవ్వితే పెద్దగా లాభం ఉండదు. అరగంటలో ఒక సబ్జెక్టు ఒడ్డున పడిందంటే టెన్షన్ సగం దిగుతుంది, ఆ ధైర్యంతో మ్యాథ్స్‌లోకి రావచ్చు. ఫిజిక్స్ బాగా వచ్చినవాళ్లు మ్యాథ్స్‌కు ముందే దాన్ని ముగించవచ్చు. వరుస ఏదైనా, నెల ముందే ఖాయం చేసుకుని ప్రతి మాక్ టెస్టు అదే వరుసలో రాయండి. పరీక్ష రోజు పక్కవాళ్ల మాట విని మార్చకండి.

మ్యాథ్స్‌లో మూడు రౌండ్లు

100 నిమిషాలు, 80 ప్రశ్నలు. ఒకటో నంబర్ నుంచి ఎనభయ్యో నంబర్ దాకా వరుసగా తేల్చుకుంటూ పోదామనుకుంటే ఎక్కడో నలభై దగ్గర టైమ్ అయిపోతుంది. మిగిలిన నలభైలో చిటికెలో వచ్చేవి ఎన్ని ఉన్నాయో మీకు తెలియనే తెలియదు. నా దృష్టిలో ఈ పరీక్షలో అన్నింటికన్నా పెద్ద నష్టం అదే. కష్టమైన ప్రశ్న తప్పు పోతే బాధ లేదు. వచ్చిన లెక్క చూడకుండా పోతే దానికి ఓదార్పు లేదు.

మొదటి రౌండ్ 50 నిమిషాలు. ప్రశ్న చదివిన 15 సెకన్లలో దారి కనిపించాలి. జవాబు కాదు, దారి. "ఇది ఫలానా సూత్రం, రెండు మూడు మెట్లలో అయిపోతుంది" అనిపిస్తే చేయండి. "చేయగలను కానీ పెద్దది" అనిపిస్తే, మళ్లీ చూడటానికి గుర్తుగా తెర మీద "మార్క్ ఫర్ రివ్యూ" నొక్కి కదలండి. అసలేం తోచకపోతే ఏదో ఒక ఆప్షన్ పెట్టేసి కదలండి, మళ్లీ టైమ్ దొరికితే చూడొచ్చు. ఈ రౌండ్‌లో 80 ప్రశ్నలూ మీ కళ్ల ముందు నుంచి పోవాలి.

రెండో రౌండ్ 35 నిమిషాలు. రివ్యూకు పెట్టినవాటి దగ్గరికి రండి. ఇక్కడ ఒక్కోదానికి రెండు నిమిషాలు ఇవ్వవచ్చు. రెండు నిమిషాలు దాటాక కూడా "ఇంకొక్క మెట్టు, వచ్చేస్తుంది" అనిపిస్తుంది. తెలివైన పిల్లలు చిక్కుకునేది సరిగ్గా అక్కడే. తరగతిలో నేను టైమర్ పెట్టి, రెండు నిమిషాలు కాగానే పెన్ను కింద పెట్టిస్తాను. మొదటి వారం గొడవ చేస్తారు, "మేడమ్, ఒక్క నిమిషం" అని బతిమాలతారు. రెండో వారానికి చేయి దానంతట అదే ఆగుతుంది. వదిలేయడం కూడా ఇలా ప్రాక్టీస్ చేస్తేనే వస్తుంది.

మూడో రౌండ్ మిగిలిన 15 నిమిషాలు. ఇక పూర్తి లెక్క చేయడం మానేసి ఆప్షన్ల వైపు నుంచి రావాలి. ఆప్షన్లలోంచి రావడం దొంగదారి అని కొందరు లెక్చరర్లు అంటారు. నేను ఒప్పుకోను. జవాబు ఎంత ఉండాలో అంచనా వేయడం, చిన్న విలువతో సూత్రాన్ని పరీక్షించడం మంచి గణితమే.

ఆప్షన్లను ఎలా వాడుకోవాలి

ఒక ఉదాహరణ నెమ్మదిగా చూద్దాం. 1·1! + 2·2! + 3·3! + … + ఎన్·ఎన్! విలువ ఎంత? ఆప్షన్లు: ఎన్!, ఎన్², (ఎన్+1)! − ఎన్, (ఎన్+1)! − 1.

సూత్రం గుర్తుంటే సరే. గుర్తు లేదనుకోండి. చాలామంది వెంటనే ఎన్ = 1 పెడతారు. మొత్తం 1. ఆప్షన్లు చూస్తే మొదటిది 1, రెండోది 1, మూడోది 2 − 1 = 1, నాలుగోదీ 1. ఏమీ తేలలేదు. ఇక్కడ పిల్లలు "ఈ పద్ధతి పనిచేయదు" అని వదిలేస్తారు. పని చేయనిది పద్ధతి కాదు, ఎంచుకున్న విలువ. ఎన్ = 2 పెట్టండి. మొత్తం 1 + 4 = 5. ఆప్షన్లు వరుసగా 2, 4, 4, 5. నాలుగోదే జవాబు. పది సెకన్ల పని.

అందుకే విలువ ఎంచుకునేటప్పుడు అన్నింటినీ ఒకటి చేసేదాన్ని, సున్నా చేసేదాన్ని తప్పించండి. నిర్ధారకంలో ఎ, బి, సి ఉండి ఆప్షన్లలో (ఎ − బి)(బి − సి)(సి − ఎ) లాంటివి కనిపిస్తే మూడింటికీ 1 పెడితే అన్నీ సున్నా అయి కూర్చుంటాయి. 0, 1, 2 పెట్టండి. గుణకారం తేలిక, మూడూ వేర్వేరు, గుర్తు తేడా కూడా బయటపడుతుంది. త్రిభుజంలో కోణాలిచ్చి త్రికోణమితి సమాసం అడిగితే మూడూ 60 డిగ్రీలు పెట్టడం అందరికీ అలవాటు. రెండు ఆప్షన్లు కలిసిపోతే 90, 45, 45 పెట్టి చూడండి.

రెండోది అంచనా. సెకండియర్ 2బి పుస్తకంలో నిశ్చిత సమాకలనుల్లో అందరూ చేసిన లెక్క ఒకటుంది: 0 నుంచి 1 వరకు లాగ్(1 + ఎక్స్) బై (1 + ఎక్స్²). ఆప్షన్లు (పై/8) లాగ్ 2, (పై/4) లాగ్ 2, (పై/2) లాగ్ 2, పై లాగ్ 2 అనుకోండి. ఎక్స్ బదులు టాన్ తీటా పెట్టి చేసే పద్ధతి గుర్తు రాలేదు. అప్పుడు ఇలా ఆలోచించండి. ఈ అవధుల్లో లాగ్(1 + ఎక్స్) విలువ ఎక్స్‌ను దాటదు. ఎక్స్ బై (1 + ఎక్స్²) ఎప్పుడూ సగాన్ని దాటదు. అంతరం పొడవు 1. కాబట్టి జవాబు 0.5 కన్నా తక్కువే కావాలి. లాగ్ 2 విలువ 0.693. పై/4 అంటే 0.785, గుణిస్తే 0.54 వస్తుంది, అది కూడా పోయింది. మిగిలింది (పై/8) లాగ్ 2 ఒక్కటే. సమాకలనం చేయకుండానే తేలింది. దీనికి కావలసిందల్లా నాలుగైదు దశాంశాలు నోటికి రావడం: రూట్ 2 అంటే 1.414, రూట్ 3 అంటే 1.732, లాగ్ 2 అంటే 0.693, పై అంటే 3.14, ఇ అంటే 2.718. వీటితోపాటు 30 వరకు వర్గాలు. గుడ్ మార్నింగ్ చెప్పగానే నేను వీటిలో ఒకటి అడుగుతానని మా పిల్లలకు తెలుసు.

మూడోది బొమ్మ. (1, 1), (2, −1), (3, 2) బిందువుల గుండా పోయే వృత్తం సమీకరణం అడిగారు. పద్ధతి ప్రకారం మూడు సమీకరణాలు రాసి సాధించాలి, రెండు నిమిషాలకు తక్కువ కాదు. ముందు ఆ మూడు చుక్కలూ రఫ్ కాగితం మీద పెట్టండి. (1, 1) దగ్గర లంబకోణంలా కనిపిస్తుంది. వాలులు చూడండి: ఒకటి −2, ఇంకొకటి 1/2, లబ్ధం −1. అనుమానం నిజమే. అయితే మిగిలిన రెండు బిందువులూ వ్యాసం చివరలు. వాటి మధ్యబిందువు (5/2, 1/2) కేంద్రం. అంటే ఎక్స్ గుణకం −5, వై గుణకం −1 ఉన్న ఆప్షన్ వెతకాలి. ఎక్స్² + వై² − 5ఎక్స్ − వై + 4 = 0 కనిపిస్తుంది, (1, 1) పెట్టి సరిచూసుకుంటే అయిపోయింది. లంబకోణం లేకపోయినా భయం లేదు. ఇచ్చిన బిందువుల్లో ఒకదాన్ని నాలుగు ఆప్షన్లలోనూ ప్రతిక్షేపించండి, తరచుగా ఒకటో రెండో మిగులుతాయి. సరళరేఖ, సరళరేఖాయుగ్మాలు, సమతలం, శాంకవాలు అన్నింటిలోనూ ఈ అలవాటు పనికొస్తుంది.

సమీకరణ వాదంలో మూలాలు అడిగితే ఎప్పుడూ మొత్తం, లబ్ధం చూడండి. ఎక్స్³ − 7ఎక్స్² + 14ఎక్స్ − 8 = 0 మూలాలు గుణశ్రేఢిలో ఉన్నాయంటే లబ్ధం 8, మధ్య మూలం 2, మొత్తం 7 కావాలి కాబట్టి 1, 2, 4. సంభావ్యతలో 1 దాటిన ఆప్షన్, విస్తృతిలో రుణ సంఖ్య వచ్చిన ఆప్షన్ ఉంటే చదవకుండానే కొట్టేయాలి.

ఒక హెచ్చరిక. ఈ ఉపాయాలను మొదటి రౌండ్‌లోకి లాగకండి. నేరుగా చేస్తే 30 సెకన్లలో వచ్చే లెక్కకు కూడా విలువలు పెట్టుకుంటూ కూర్చునే పిల్లలున్నారు. సూత్రం గుర్తుంటే సూత్రమే దగ్గరి దారి.

రఫ్ కాగితం

ఇది చిన్న విషయమని తీసిపారేయకండి. రఫ్ కాగితాన్ని నిలువుగా మడిచి రెండు కాలమ్‌లు చేయండి. ప్రతి లెక్క ముందు ప్రశ్న నంబర్ వేసి చుట్టూ సున్నా చుట్టండి. లెక్క మధ్యలో వదిలేసి పోతే పక్కన ఒక బాణం గుర్తు పెట్టండి. రెండో రౌండ్‌లో ఆ నంబర్ దగ్గరికి వచ్చినప్పుడు సగం పని అప్పటికే చేసి ఉంటుంది. నంబర్ లేకపోతే మళ్లీ మొదటి నుంచి చేయాలి. మా కాలేజీలో మాక్ టెస్టు అయ్యాక నేను రఫ్ కాగితాలు కూడా తీసుకుని చూస్తాను. ఎక్కడ మైనస్ ప్లస్ అయిందో, ఎక్కడ 2 జారిపోయిందో అక్కడ దొరుకుతుంది. కాగితం మీద గజిబిజిగా, ఏ మూల ఖాళీ కనిపిస్తే ఆ మూల రాసే పిల్లల్లోనే గుర్తుల తప్పులు ఎక్కువ. చక్కగా రాయమనడం లేదు, ఒక వరుసలో రాయమంటున్నాను.

తెర మీద ఉన్న ప్రశ్నను కాగితం మీదికి దించేటప్పుడు కూడా తప్పులు జరుగుతాయి. వర్గం ఘనం అవుతుంది, 13 కాస్తా 31 అవుతుంది. దించాక ఒక్కసారి తెర వైపు చూడండి. "కానిది", "అసత్యం", "కనీసం", "గరిష్ఠం", "వరుసగా" లాంటి మాటలు కనిపిస్తే వాటిని కూడా కాగితం మీద రాసుకోండి. తెలుగు మీడియం పిల్లలూ, తెలుగులో చదివాక ఎక్కడైనా వాక్యం అర్థం కాకపోతే పక్కనే ఉన్న ఇంగ్లిష్ ప్రశ్న చూడండి. అందుకోసం అతిపరావలయం అంటే హైపర్‌బోలా, అవకలజం అంటే డెరివేటివ్, అవధి అంటే లిమిట్ అని చాప్టర్ల పేర్లు, ముఖ్యమైన పదాలు రెండు భాషల్లోనూ ఒక పేజీ రాసి పెట్టుకోవడం మంచిది.

కంప్యూటర్ అలవాటు లేని పిల్లలకు

పల్లెటూళ్ల నుంచి వచ్చే మా పిల్లల్లో చాలామందికి ఫోన్ వేళ్లకు వస్తుంది, మౌస్ చేతికి రాదు. లెక్క వచ్చిన బిడ్డ మౌస్ దగ్గర తడబడటం న్యాయం కాదు. ఎంసెట్ వెబ్‌సైట్‌లో మాక్ టెస్టు ఉచితంగా ఉంటుంది. కాలేజీ ల్యాబ్‌లోనో, నెట్ సెంటర్‌లోనో, మీసేవ నడిపే అన్న దగ్గరో కూర్చుని కంప్యూటర్ మీదే రెండు మూడు సార్లు రాయండి. ఫోన్‌లో రాస్తే ఈ ప్రాక్టీస్ రాదు.

అక్కడ ముఖ్యంగా చూసుకోవలసింది ఒకటి. ఆప్షన్ ఎంచుకున్నాక "సేవ్ అండ్ నెక్స్ట్" నొక్కాలి. అది నొక్కకుండా కుడి వైపున ఉన్న నంబర్ల పట్టీలో వేరే ప్రశ్న నంబర్ మీద నేరుగా క్లిక్ చేస్తే మీరు పెట్టిన జవాబు సేవ్ కాదు. మూడు రౌండ్లలో అటూ ఇటూ తిరిగేవాళ్లు ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. ఆఖరి 5 నిమిషాల్లో లెక్కలు ఆపేసి ఆ పట్టీ మొత్తం చూడండి. జవాబు సేవ్ కాని నంబర్ ఒక్కటి కూడా మిగలకూడదు. కంప్యూటర్ ఆగిపోయినా, మౌస్ కదలకపోయినా వెంటనే చేయెత్తి ఇన్విజిలేటర్‌కు చెప్పండి. భయపడి ఊరికే కూర్చోవద్దు.

ఈ నెల రోజులు ఏం చేయాలి

కొత్త చాప్టర్ ఒక్కటీ ఎత్తుకోకండి, రెండు రోజుల్లో వచ్చే చిన్నవి తప్ప. చిన్నవంటే అక్షపరివర్తనం, పాక్షిక భిన్నాలు, విస్తరణ కొలతలు, డిమూవర్ సిద్ధాంతం, అతిపరావలయ ప్రమేయాలు, యాదృచ్ఛిక చలరాశులు. చిన్న చాప్టర్లే కదా అని వీటిని చాలామంది పక్కకు నెడతారు. ఎంసెట్‌లో ప్రతి ప్రశ్నకూ ఒకే మార్కు. మూడు పేజీల సమాకలనం చేసినా ఒకటే, పాయిసన్ విభాజనంలో సూత్రం పెట్టినా ఒకటే. ఇంటర్‌లో ఏడు మార్కుల ప్రశ్నల మీద పెంచుకున్న ప్రేమను ఈ నెలకు పక్కన పెట్టండి. తర్వాత మాత్రికలు, సదిశలు, సరళరేఖ, వృత్తం, సంకీర్ణ సంఖ్యలు గట్టిగా చూసుకోండి. వీటిలో లెక్కలు ఒకే అచ్చులో వస్తుంటాయి కాబట్టి పాత పేపర్లు చేసినకొద్దీ వేగం పెరుగుతుంది. సిలబస్ మాత్రం మీరు రాసే ఏడాదికి వెబ్‌సైట్‌లో పెట్టినదే చూడండి, సీనియర్ ఇచ్చిన జిరాక్సును నమ్ముకోకండి.

వారానికి రెండు పూర్తి మాక్ టెస్టులు చాలు. రోజుకొకటి రాసేవాళ్లుంటారు, రాసినదాన్ని మాత్రం తిరిగి చూడరు. మూడు గంటలు రాసిన పేపర్‌ను విప్పి చూడటానికి ఇంకో మూడు గంటలు పెట్టాలి. హాల్‌టికెట్‌లో మీది ఉదయం సెషనా, మధ్యాహ్నం సెషనా తెలిశాక మాక్ కూడా అదే వేళకు రాయండి. మే ఎండల్లో మధ్యాహ్నం అన్నం తిని మూడు గంటల పాటు మెలకువగా ఉండటమే ఒక పని, దానికీ అలవాటు కావాలి.

తప్పుల కోసం ఒక నోట్‌బుక్ పెట్టండి. ప్రతి తప్పు పక్కన కారణం రాయాలి: సూత్రం తెలియదు, తెలుసు కానీ గుర్తు తప్పింది, ప్రశ్న తప్పుగా చదివాను, టైమ్ చాల్లేదు. నాలుగింటిలో ఏదో ఒకటి. రెండు వారాలయ్యాక ఆ పేజీలు తిప్పితే మీ రోగం మీకే కనిపిస్తుంది. "నాకు మ్యాథ్స్ రాదు" అని ఏడ్చిన ఒక అమ్మాయి నోట్‌బుక్ తెరిచి చూపిస్తే తప్పుల్లో ఎక్కువ భాగం ప్రశ్న సరిగ్గా చదవనివే. ఆ పిల్లకు కావలసింది ఇంకో గైడ్ కాదు, ప్రశ్న చివరి వాక్యాన్ని రెండుసార్లు చదవడం. అప్పటి నుంచి చేసింది అదొక్కటే. మాక్ మార్కులు కదిలాయి, ముఖంలో కళ వచ్చింది.

పరీక్ష రోజు

సెంటర్ ఎక్కడో ముందు రోజే వెళ్లి చూసి రండి. గేటు మూసేశాక ఒక్క నిమిషం ఆలస్యమైనా లోపలికి పంపరు. వేలిముద్రలు, తనిఖీలు ఉంటాయి కాబట్టి గంటన్నర ముందే అక్కడ ఉండాలి. హాల్‌టికెట్, గుర్తింపు కార్డు, దరఖాస్తు ప్రింటు, పెన్ను రాత్రే ఒక కవర్లో పెట్టుకోండి. చేతి గడియారం తీసుకుపోనివ్వరు, తెర మీద టైమర్ ఉంటుంది. పొద్దున్నే సూత్రాల పేజీ ఒకసారి తిప్పడం సరే, గేటు బయట ఫ్రెండ్స్‌తో "ఇది వచ్చిందా, అది చదివావా" అనే మాటలు మాత్రం వద్దు.

లోపల పేపర్ కష్టంగా కనిపిస్తే కంగారు పడకండి. పరీక్ష చాలా సెషన్లలో జరుగుతుంది, సెషన్ల మధ్య తేడాను సరిచేయడానికి మార్కులను నార్మలైజ్ చేస్తారు. మీకు కష్టమైన పేపర్ ఆ గదిలో అందరికీ కష్టమే. అలాంటి రోజున మొదటి రౌండ్‌లో వచ్చే ప్రశ్నలు తగ్గుతాయి, అంతే. పద్ధతి మార్చకండి. తేలిగ్గా కనిపించిన రోజున ఇంకా జాగ్రత్త కావాలి, చిన్న తప్పుకు కూడా చాలామంది ముందుకు పోతారు.

తల్లిదండ్రులకు ఒక మాట. బిడ్డ బయటికి రాగానే "ఎన్ని వస్తాయి?" అని అడగకండి. ముందు మంచినీళ్లు ఇవ్వండి, అన్నం పెట్టండి. మార్కుల లెక్కకు వేళ వేరే ఉంది.

కొన్ని రోజులకు ప్రాథమిక కీ, మీరు గుర్తించిన జవాబుల రెస్పాన్స్ షీట్ వెబ్‌సైట్‌లో పెడతారు. రెండూ డౌన్‌లోడ్ చేసి పక్కపక్కన పెట్టి చూడండి. కీలో జవాబు తప్పనిపిస్తే అభ్యంతరం పెట్టే హక్కు మీకుంది, గడువు తక్కువ కాబట్టి ఆలస్యం చేయకండి. ఆధారంగా తెలుగు అకాడమీ పుస్తకంలో ఆ సూత్రం ఉన్న పేజీ ఫొటో, మీ సాధన శుభ్రంగా రాసిన కాగితం జతచేయండి. సందేహముంటే ఆ కాగితం పట్టుకుని మీ లెక్చరర్ దగ్గరికి వెళ్లండి. సెలవుల్లోనైనా ఇంటి గుమ్మం దగ్గర కూర్చుని చూసిపెడతాం.